కుండీ నుంచి సీసా దాకా: ఆకులు, కూరగాయలు ఇంట్లోనే పెంచి సరుకులు చేసుకోవడం ఎలా?

కుండీలో మొక్కలు చాలావరకు నీళ్లెక్కువై పోతాయి. ఇంట్లో చేసి సీసాల్లో పెట్టుకున్న ఆకుల పొడులు, నూనెలు, లేపనాలు కూడా చాలావరకు తడి మిగిలిపోవడం వల్లే పాడవుతాయి. మొక్కలు పెంచడం, సరుకులు చేసుకోవడం అనే ఈ రెండు పనుల్నీ అందరూ విడివిడిగా నేర్చుకుంటారు. నా దృష్టిలో మాత్రం రెండింట్లోనూ పట్టుకోవలసింది ఒక్కటే: నీరు ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు. ఇది అర్థమైతే మిగతావన్నీ చేస్తూ చేస్తూ వచ్చేస్తాయి. విత్తనం దగ్గర మొదలుపెట్టి సీసా మూత బిగించేదాకా ఏం చేయాలో వరుసగా చెప్తాను.

ముందు ఏం చేసుకోవాలో తేల్చుకోండి

చాలామంది ముందు విత్తనాల ప్యాకెట్లు కొనేస్తారు, పంట వచ్చాక దీన్నేం చేయాలా అని ఆలోచిస్తారు. దీన్ని తిరగేయండి. మీ ఇంట్లో ఏడాది పొడవునా వాడే రెండు మూడు సరుకులు రాసుకోండి. ఎండబెట్టిన పుదీనా, ఆకుల ఉప్పు, పులియబెట్టిన కాబేజీ, చేతులకు రాసుకునే లేపనం, ఇలా. ఆ తర్వాత వాటికి ఏ మొక్కలు కావాలో చూడండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పుదీనా, బేసిల్ (తులసి జాతికి చెందిన సువాసన ఆకు), పాలకూర, ముల్లంగి, మిరప చాలు. ముల్లంగి నెల రోజుల్లోపే చేతికొస్తుంది. ఆ తొలి పంట ఇచ్చే ఉత్సాహం చిన్నది కాదు. టమాటా ఒకటి రెండు మొక్కలు పెట్టుకోవచ్చు గానీ, మొదటిసారే పది పెట్టకండి. పది టమాటా మొక్కలకు రోజూ నీళ్లు, కర్రలు, కత్తిరింపులు చూసుకోవడం మామూలు పని కాదు.

వెలుతురు కొలవండి

కాయలు కాసే మొక్కలకు, అంటే టమాటా, మిరప, వంగ, దోస లాంటివాటికి, రోజుకు 6 నుంచి 8 గంటల నేరుగా పడే ఎండ కావాలి. ఆకుకూరలకు 3, 4 గంటలు సరిపోతాయి. పుదీనా కాస్త నీడను కూడా ఓర్చుకుంటుంది. మొక్కలు పెట్టాలనుకున్న చోట ఒక రోజంతా గంటగంటకూ ఎండ ఎక్కడ పడుతోందో చూసి రాసుకోండి. గది బాగా వెలుగ్గా ఉందని మన కంటికి అనిపించినా మొక్కకు ఆ వెలుతురు చాలకపోవచ్చు. కాడలు సన్నగా, పొడుగ్గా సాగి, ఆకులు దూరం దూరంగా వస్తుంటే ఎండ చాలడం లేదని అర్థం. అప్పుడు ఎరువు పోసి లాభం లేదు, కుండీ జరపాలి.

కుండీ, మట్టి

ఆకుకూరలకు 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు చాలు. మిరపకు 25 నుంచి 30. టమాటాకు కనీసం 30 సెంటీమీటర్ల లోతు, 15 నుంచి 20 లీటర్ల మట్టి పట్టే కుండీ ఉంటే మంచిది. కుండీ చిన్నదైతే ఎండ రోజుల్లో పూటపూటకీ నీళ్లు పోయాల్సి వస్తుంది, అయినా మొక్క వాడిపోతూనే ఉంటుంది.

అడుగున రంధ్రాలు తప్పనిసరి. రంధ్రాల మీద గులకరాళ్ల పొర వేస్తే నీళ్లు బాగా దిగుతాయని చాలామంది నమ్ముతారు. నిజానికి మట్టిలోని నీరు కిందనున్న రాళ్లలోకి అంత తేలిగ్గా దిగదు, మట్టి పూర్తిగా నానేదాకా రాళ్ల పైనే ఆగుతుంది. అంటే తడి పొర ఇంకాస్త పైకి, వేళ్ల దగ్గరికి వస్తుంది. రాళ్లు మానేసి, మట్టి కారిపోకుండా రంధ్రం మీద చిన్న జాలీ ముక్క వేస్తే చాలు.

మట్టి విషయానికొస్తే, నేలలోంచి తవ్విన మట్టిని ఒక్కదాన్నే కుండీలో నింపితే నాలుగు సార్లు నీళ్లు పోసేసరికి గట్టిపడి ఇటుకలా తయారవుతుంది. మట్టి, కోకోపిట్ (కొబ్బరి పీచు పొట్టు), బాగా మాగిన కంపోస్ట్ సమపాళ్లలో కలిపితే చాలా మొక్కలకు సరిపోతుంది. కోకోపిట్‌లో పోషకాలు దాదాపు ఉండవు, పైగా ఉప్పు ఉండే అవకాశం ఉంది. నీళ్లలో నానబెట్టి, పిండి, ఒకటి రెండు సార్లు కడిగి వాడండి. రోజ్‌మేరీ, థైమ్ లాంటి పొడి నేలల సువాసన మొక్కలకైతే కోకోపిట్ తగ్గించి ముతక ఇసుక కలపండి. అవి తడికాళ్లతో బతకవు.

విత్తడం, నాటడం

విత్తనాన్ని దాని మందానికి రెండు మూడింతల లోతులో పెట్టడం పాత పద్ధతి, ఇప్పటికీ అదే మంచిది. బేసిల్ లాంటి సన్నని గింజల్ని మట్టి మీద చల్లి పలుచగా కప్పితే చాలు.

కొత్తిమీర దగ్గర కాస్త ఆగాలి. మనం గింజ అనుకునే గుండ్రటి ధనియం లోపల రెండు విత్తనాలుంటాయి. అరచేత్తో మెల్లగా నలిపి రెండు ముక్కలు చేసి, ఒక రాత్రి నానబెట్టి విత్తితే మొలక బాగుంటుంది. మొలవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది కాబట్టి రాలేదని తొందరపడి తవ్వకండి. దీని వేరు నిట్టనిలువుగా దిగుతుంది, అందుకే నారు పీకి మరోచోట పెడితే కోలుకోవడం కష్టం. ఏ కుండీలో పెరగాలో అందులోనే విత్తండి. ఎండ ముదిరితే ఆకు మానేసి పూతకు పోతుంది. దాన్ని ఆపలేం. రెండు మూడు వారాలకోసారి కొద్దికొద్దిగా విత్తుకుంటూ పోతే ఎప్పుడూ లేత ఆకు ఉంటుంది.

పుదీనాకు విత్తనం అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న రెమ్మను కణుపు కింద కోసి, కింది ఆకులు తీసేసి గ్లాసు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి. దానికి వేరే కుండీ ఇవ్వండి. భూమిలోపల కాడలు పాక్కుంటూ పక్క మొక్కల చోటంతా ఆక్రమించేస్తుంది.

టమాటా, మిరప, వంగ నారు పోసి పెంచాలి. టమాటా వారం అటూ ఇటూగా మొలుస్తుంది, మిరప రెండు మూడు వారాలు తీసుకోవచ్చు. నారు మట్టిని చిత్తడిగా ఉంచితే మొలకలు కాడ మొదట్లో మెత్తబడి పడిపోతాయి. దీన్నే నారుకుళ్లు అంటారు, వచ్చాక మందు లేదు. గాలి ఆడనివ్వండి, పైమట్టి కాస్త ఆరాకే తడపండి. నాలుగు నుంచి ఆరు వారాల నారును పెద్ద కుండీకి మార్చేటప్పుడు టమాటాను కింది ఆకులు గిల్లేసి కాడ లోతుగా పూడ్చండి. పూడ్చిన కాడ పొడవునా కొత్త వేళ్లు వస్తాయి. బీన్స్, దోస మాత్రం నేరుగా కుండీలోనే విత్తుకోవడం మేలు.

నీళ్లు పోయడం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే మొక్కలు నిలిచేదీ పోయేదీ ఇక్కడే.

వేలు మట్టిలోకి రెండు మూడు సెంటీమీటర్లు దించండి. పొడిగా తగిలితే నీళ్లు పోయండి. తడిగా తగిలితే వదిలేయండి. రోజూ పొద్దున ఒక చెంబు అన్న లెక్క పనికిరాదు, ఎందుకంటే మబ్బు పట్టిన రోజు, ఎండ కాసిన రోజు ఒకటి కాదు. కుండీని కొంచెం ఎత్తి బరువు చూడటం ఇంకో పద్ధతి. కొన్నాళ్లకు చెయ్యే చెప్తుంది.

పోసినప్పుడు అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పోయండి. పైపైన చిలకరిస్తే వేళ్లు పైనే తిరుగుతాయి, ఒక్క రోజు మరిచిపోతే ఎండిపోతాయి. పళ్లెంలో నిలిచిన నీళ్లు అరగంట తర్వాత పారబోయండి.

మొక్క వాడినట్టుంది కదా అని వెంటనే నీళ్లు పోయకండి, ముందు మట్టి చూడండి. వేళ్లకు గాలి కూడా కావాలి. మట్టి సందులన్నీ నీటితో నిండితే వేళ్లు ఊపిరాడక కుళ్లుతాయి, కుళ్లిన వేరు నీళ్లు లాగలేదు. కాబట్టి తడి మట్టిలో ఉన్న మొక్క కూడా దాహంతో ఉన్నట్టే తలవాల్చేస్తుంది. అప్పుడు ఇంకా పోస్తే అంతే సంగతులు.

టమాటా కాయ అడుగు నల్లబడి తోలులా గట్టిపడటం చాలామంది తెగులు అనుకుంటారు. అది కాయ చివరిదాకా కాల్షియం అందకపోవడం. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, దాన్ని మోసుకెళ్లే నీరే సరిగా అందదు. రెండ్రోజులు ఎండగట్టి మూడో రోజు ముంచెత్తితే ఇదే జరుగుతుంది. మట్టి మీద ఎండుటాకులు కప్పి, తడి ఒకే తీరులో ఉంచితే తర్వాత వచ్చే కాయలు బాగుంటాయి.

ఎరువు

కుండీలో పోషకాలు నీళ్లతోపాటు కొట్టుకుపోతాయి, అందుకే మూడు నాలుగు వారాలకోసారి రెండు గుప్పిళ్ల కంపోస్ట్ పైన వేసి కలపండి. ఇంట్లోనే చేసుకోవాలంటే కూరగాయల తొక్కలు ఒక వంతు, ఎండుటాకులు లేదా చింపిన అట్టముక్కలు రెండు మూడు వంతులు పొరలుగా వేయండి. తేమ పిండిన స్పాంజిలా ఉండాలి. కంపు కొడితే తడి ఎక్కువైందని అర్థం, ఎండుటాకులు వేసి కలియబెట్టండి. రెండు మూడు నెలల్లో నల్లగా, మట్టివాసనతో తయారవుతుంది. పూత దశలో నత్రజని మరీ ఎక్కువైతే టమాటా, మిరప ఆకు దట్టంగా వేసి కాపు తగ్గిస్తాయి.

గిల్లడం, కాయించడం

బేసిల్ నాలుగైదు జతల ఆకులు వేశాక కొసను, ఒక ఆకుల జతకు కాస్త పైన గిల్లండి. ఆ జత మొదట్లోంచి రెండు కొత్త కొమ్మలు వస్తాయి. రెండు వారాలకోసారి ఇలా చేస్తే సన్నటి కాడ కాస్తా గుబురు పొదవుతుంది. పూమొగ్గ కనబడగానే తుంచేయండి, పూత వచ్చాక ఆకు రుచి చేదెక్కుతుంది.

టమాటా, మిరప పువ్వులు తమంతట తామే ఫలదీకరణ చెందుతాయి, గాలి ఆడని చోట మాత్రం కొమ్మను మెల్లగా తట్టాలి. పగలు 32 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పువ్వులు రాలుతాయి. మధ్యాహ్నపు నీడ ఇవ్వడం తప్ప చేయగలిగింది పెద్దగా లేదు. దోస, గుమ్మడి జాతుల్లో ఆడ, మగ పువ్వులు వేరు. పువ్వు వెనక చిన్న పిందె ఉంటే ఆడది. తేనెటీగలు రాని చోట పొద్దున్నే మగపువ్వు తుంచి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో రాయండి.

పురుగులు

వారానికి రెండుసార్లు ఆకు తిప్పి అడుగున చూడండి. పేనుబంక, తెల్లదోమ, నల్లి అక్కడే చేరతాయి. కొద్దిగా ఉన్నప్పుడు నీటి ధారతో కడిగేస్తే చాలు. ఎక్కువైతే లీటరు నీటికి ఒక చెంచా వేపనూనె, కొన్ని చుక్కల ద్రవ సబ్బు బాగా గిలకొట్టి, సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. ముందు ఒక కొమ్మ మీద కొట్టి మర్నాడు చూసుకోండి. కోసే ముందు రోజుల్లో కొట్టకండి, కోశాక బాగా కడగండి.

కోత

సువాసన ఆకులు పూతకు కాస్త ముందు ఘాటుగా ఉంటాయి. ఉదయం మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోయండి. మొక్కలో మూడో వంతుకు మించి ఒకేసారి తీయకండి. బీన్స్, దోస లేతగా ఉండగానే కోస్తూ ఉండాలి. కాయ ముదిరి గింజ గట్టిపడితే, తన పని అయిపోయినట్టు మొక్క పూత తగ్గించేస్తుంది.

ఎండబెట్టడం

ఇక్కడి నుంచి నీటిని బయటికి పంపే పని. పుదీనా, థైమ్, ఒరెగానో, రోజ్‌మేరీ ఎండబెట్టడానికి బాగుంటాయి. కొత్తిమీర ఎండితే గడ్డి వాసనే మిగులుతుంది. దాన్నీ బేసిల్‌నూ తరిగి, ఐస్ ట్రేలో కాస్త నీళ్లో నూనో పోసి గడ్డకట్టిస్తే రుచి నిలుస్తుంది.

కడిగిన రెమ్మల్ని బట్ట మీద పరిచి పైతడి పూర్తిగా ఆరనివ్వండి. నాలుగైదు రెమ్మల చొప్పున వదులుగా కట్టి, నీడలో, గాలి ఆడేచోట తలకిందులుగా వేలాడదీయండి. లావు కట్టలు కడితే మధ్యలో బూజు పడుతుంది. ఎండలో పెడితే రంగు, వాసన రెండూ పోతాయి. యంత్రంలో ఆరబెడితే 35 నుంచి 45 డిగ్రీలు చాలు, అంతకు మించితే సుగంధ తైలాలు ఎగిరిపోతాయి.

ఆకు వేళ్ల మధ్య నలిపితే గలగలమని పొడవ్వాలి, కాడ వంచితే పుటుక్కున విరగాలి. ఆకు విరిగి కాడ వంగితే ఇంకా తడి ఉందన్నమాట. ఆకూ కాడా రెండూ విరిగేలా ఎండాక కూడా నేరుగా దాచేయకండి. గాజు సీసాలో వేసి మూతపెట్టి వారం రోజులు రోజూ చూడండి. లోపల గాజు మీద సన్నటి ఆవిరి కనిపించినా, ఆకులు ఒకదానికొకటి అతుక్కున్నా, వెంటనే తీసి మళ్లీ ఆరబెట్టాలి. వారం దాటాక చీకటిగా, చల్లగా ఉండేచోట పెట్టుకుంటే ఏడాది దాకా వాడుకోవచ్చు. ఆకుల్ని విడిగానే ఉంచి, వాడేముందు నలపండి. వంటలో మూడు చెంచాల పచ్చి ఆకుకు ఒక చెంచా ఎండుటాకు సరిపోతుంది.

ఉప్పు, వెనిగర్

ఆకుల ఉప్పు అన్నిటికన్నా సులువు. తూకంలో నాలుగు వంతుల కళ్లుప్పు, ఒక వంతు ఆకు కలిపి దంచి, పళ్లెంలో పలుచగా పరిచి పొడిపొడిగా ఆరేదాకా ఉంచండి. ఉండలు కడితే చిదిమి మళ్లీ ఆరబెట్టండి.

ఆకుల వెనిగర్ కోసం 5 శాతం ఆమ్లత్వం ఉన్న వెనిగర్ తీసుకోండి. అర లీటరు వెనిగర్‌ను మరిగే ముందుదాకా వేడిచేసి, కడిగి ఆరబెట్టిన మూడు నాలుగు రెమ్మల మీద పోయండి. లోహపు మూత వద్దు, తుప్పు పడుతుంది. మూడు నాలుగు వారాలయ్యాక వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

నూనె: ఇక్కడ సర్దుబాటు లేదు

పచ్చి వెల్లుల్లి, పచ్చి ఆకులు నూనెలో వేసి అందమైన సీసాల్లో అలమరలో పెట్టుకోవడం మీరు ఫొటోల్లో చూసే ఉంటారు. దయచేసి అలా చేయకండి. క్లోస్ట్రిడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు మట్టిలో సహజంగానే ఉంటాయి, మామూలుగా మరిగిస్తే చావవు. గాలి అందని నూనె, పచ్చి ఆకులోని నీరు, తక్కువ ఆమ్లత్వం, గది వేడి దొరికితే అవి విషాన్ని తయారుచేస్తాయి. అది నరాలను చచ్చుబరిచి ప్రాణం తీయగలదు. రంగులో, వాసనలో, రుచిలో ఏ తేడా తెలియకపోవచ్చు. పచ్చివాటితో చేసిన నూనెను వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లోపు వాడేయాలి, లేదంటే గడ్డకట్టించి దాచాలి. పూర్తిగా ఎండిన ఆకుతో చేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది, దాన్నీ ఫ్రిజ్‌లోనే ఉంచండి.

పులియబెట్టడం

ఇక్కడ నీటిని తీసేయం, ఉప్పు కలిపి మన పనికి వాడుకుంటాం. కిలో కాబేజీకి 20 నుంచి 25 గ్రాముల ఉప్పు, తూచి వేయండి. సన్నగా తరిగి, ఉప్పు చల్లి, పది నిమిషాలు చేత్తో పిసకండి. కరకరలాడే ముక్కలు మెత్తబడి, వేళ్ల సందుల్లోంచి రసం కారడం మొదలవుతుంది. సీసాలో గట్టిగా అదిమి నింపండి, రసం ముక్కల పైకి రావాలి. పైన బరువు పెట్టి ముక్క ఏదీ తేలకుండా చూడండి. రసంలో మునిగినంతసేపు ఆమ్లం తయారుచేసే మంచి బ్యాక్టీరియా గెలుస్తుంది, పైకి తేలిన ముక్కకు బూజు పడుతుంది.

పులిసేటప్పుడు గ్యాస్ వస్తుంది కాబట్టి మూత వదులుగా పెట్టండి. 18 నుంచి 22 డిగ్రీల దగ్గర మూడు నాలుగు వారాల్లో తయారవుతుంది, వేడి ఎక్కువుంటే ముందే పులుస్తుంది. పైన పలుచటి తెల్లని పొర వస్తే తీసేయొచ్చు. నూగులాంటి రంగు బూజు గానీ, కుళ్లు వాసన గానీ వస్తే మొత్తం పారేయండి. రుచి నచ్చిన రోజున ఫ్రిజ్‌లోకి మార్చండి.

లేపనం

పూర్తిగా ఎండిన కేలెండులా (బంతిని పోలిన పువ్వు) రేకులు సీసాలో సగం దాకా వేసి, మునిగేలా ఆలివ్ లేదా పొద్దుతిరుగుడు నూనె పోసి నాలుగు వారాలు ఉంచి, వడకట్టండి. 100 గ్రాముల నూనెకు 20 నుంచి 25 గ్రాముల తేనెమైనం వేసి, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. చల్లటి చెంచా మీద ఒక చుక్క వేసి చూడండి. మెత్తగా ఉంటే మైనం, గట్టిగా ఉంటే నూనె కొంచెం కలిపి, పొడి డబ్బాల్లో పోయండి.

ఇందులో నీరు లేదు కాబట్టే వేరే మందులేవీ కలపకుండా నెలల తరబడి ఉంటుంది. తడి వేళ్లు పెట్టకండి. కలబంద గుజ్జు కలిపితే బాగుంటుంది కదా అనిపిస్తుంది, కానీ గుజ్జు అంటే దాదాపు నీరే, అది చేరాక బ్యాక్టీరియాకు ఇల్లు దొరికినట్టే. మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒక రోజు చూశాకే వాడండి. తెగిన గాయాల మీద వద్దు.

సబ్బు గురించి ఇక్కడ చెప్పడం లేదు. దానికి వాడే కాస్టిక్ సోడా ఒళ్లు కాల్చేస్తుంది, దాన్ని విడిగా, శ్రద్ధగా నేర్చుకోవాలి.

పేరు, తేదీ, మళ్లీ విత్తనం

ప్రతి సీసా మీద పేరు, చేసిన తేదీ రాయండి. ఎండిపోయాక థైమ్, ఒరెగానో కంటికి ఒకలాగే ఉంటాయి.

వచ్చే పంటకు విత్తనం మీ మొక్కల్లోంచే తీసుకోవచ్చు, హైబ్రిడ్ రకం కాకపోతే. హైబ్రిడ్ గింజ మొలుస్తుంది గానీ తల్లి లక్షణాలే వస్తాయన్న హామీ లేదు. బీన్స్ కాయను మొక్క మీదే ఎండనిచ్చి గింజలు తీయండి. బాగా పండిన టమాటా గింజల్ని జిగురుతో సహా గ్లాసులో వేసి, రెండు మూడు రోజులు పులియనివ్వండి. మొలకను ఆపే ఆ జిగురు కరిగిపోతుంది, మంచి గింజలు అడుగుకు చేరతాయి. కడిగి, కాగితానికి అతుక్కుంటాయి కాబట్టి పింగాణీ పళ్లెంలో పరిచి, నీడలో వారం పది రోజులు ఆరబెట్టి, కవర్లో వేసి, రకం పేరు, ఏడాది రాసి పెట్టుకోండి.